రూపజిత్ కాలివేళ్ళు

కొండాపూర్,
12 జూన్ 2025

రసూ,

మనిద్దరిలో ఎవరైనా చివరిసారి ఉత్తరం రాసింది స్కూల్లో, సెలవు కోరుతూ హెడ్మాస్టరుకి. నీ పుణ్యమా అని మళ్ళీ మొదలుపెట్టాను. ఫోన్ తెర చూడొద్దని డాక్టరన్నాడు, చెవి దగ్గర పెట్టుకుంటే తల గింగిరాలు తిరుగుతోందని నువ్వన్నావు. కాగితం మాత్రం రోజుకో అరగంట చదవొచ్చట కదా. అందుకే పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తున్నాను, ఒకటో తరగతి పిల్లకి రాసినట్టు.

గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద నిన్ను పడేసిన బైక్ టాక్సీ అతను నిన్న నీ ఫోన్‌కి చేశాడు. "మేడం మంచిగున్నరా?" అని అడిగి, ఐదు స్టార్లు ఇమ్మన్నాడు. ఇచ్చేశాను.

ఇక నీ పని సంగతి. సోమవారం నుంచి నీ లాప్‌టాప్‌లో నీ పేరుతో కూర్చుంటున్నాను. నువ్వు చేరి మూడు వారాలే అయింది, అందరూ ఇళ్ళ నుంచే పని, మీటింగుల్లో ఎవరూ కెమెరా పెట్టరు. ప్రొబేషన్‌లో వారం మించి సెలవు పెడితే పంపించేస్తారని నువ్వు ఏడిస్తే ఒప్పుకున్నాను గానీ, "రసజ్ఞా" అంటే పలకడానికి రెండు క్షణాలు పడుతోంది. నిన్న శివశంకర్ గారు మూడుసార్లు పిలిచారు. మీ డైరెక్టరుకు ఓపిక ఎక్కువే.

ఆయనకు నెలాఖరుకల్లా రూపజిత్ మీద ముప్ఫై పేజీలు కావాలట. మీ యానిమే బొమ్మల సీరియల్లో వాడు విలన్, ఎవరి రూపమైనా ఎత్తగలడు, హీరోని చూసి కుళ్ళిపోతాడు. బొమ్మలు వేసేశారు. వాడి బుద్ధి ఏమిటో, వాడికి అసలేం కావాలో ఎవరూ రాయలేదు. పాత్రలు రాసేదానివి నువ్వు కదా, చెప్పు.

అమ్మకు ఫోన్ చేస్తే "రసజ్ఞ పండుకున్నది, ఇప్పుడొద్దు" అని పెట్టేస్తోంది. అమ్మ కళ్ళు ఎలా ఉన్నాయి? నా గురించి ఏమైనా అడిగిందా?

నీ కిరణక్క


వికారాబాద్,
20 జూన్ 2025

అక్కా,

నీ ఉత్తరం రెండు రోజులు చదివాను. అక్షరాలు మరీ పెద్దవయ్యాయి, నా తలకే దెబ్బ, కళ్ళకు కాదు.

పెద్దమ్మ నన్ను మంచం దిగనివ్వడం లేదు. నీ గది నాకిచ్చింది. నీ పాత పుస్తకాలన్నీ అటక మీదికి ఎక్కించింది, దుమ్ముకు నాకు తుమ్ములొస్తాయని. నువ్వొస్తావేమోనని వారం వారం నీకోసం సర్వపిండి చేసే అలవాటట, నాకు ఆ నూనె పడదని అదీ మానేసింది. మధ్యాహ్నం పూట నా కాళ్ళ దగ్గర కూర్చొని పాదాలు నిమురుతుంది, చిన్నప్పటిలాగే. "నీయి మీ అమ్మ పాదాలే బిడ్డా" అంటుంది. అమ్మ పోయి ఇరవయ్యేళ్ళయినా నాకు తల్లి లేని లోటు తెలియలేదంటే ఈమె వల్లే. శుక్లాలు బాగా ముదిరాయి. మనిషిని గొంతును బట్టో నడకను బట్టో పోలుస్తోంది. ఆపరేషన్ అంటే "ముందుగాల నీ తల నయం కానీ" అంటోంది.

రూపజిత్ సంగతి చెబుతాను. అసూయ ఒక్కటే చాలదక్కా, అది చిన్న జబ్బు. వాడి తండ్రిని ఎవరో చంపాలి, వాడికి రావలసిన రాజ్యం హీరోకి పోవాలి. చూసేవాళ్ళు వాడి కోపంలో న్యాయం ఉందనుకోవాలి. అది రాసి పంపెయ్. సొంతంగా ఏమీ ఆలోచించకు, మిగతాది నేను వచ్చి చూసుకుంటాను. నువ్వు కాలం నెట్టుకొస్తే చాలు. మార్చిలో నీ ఉద్యోగం పోయిన దగ్గర్నుంచి ఎలాగూ ఖాళీయే కదా, కాస్త పొద్దుపోతుంది.

ఉంటాను,
రసజ్ఞ


కొండాపూర్,
3 జులై 2025

రసజ్ఞకు,

పొద్దు బాగానే పోతోంది.

ఐడీ కార్డుకి ఫోటో దిగాలి రమ్మన్నారు. రాయదుర్గంలో పదకొండో అంతస్తు. నీ లేత ఆకుపచ్చ కుర్తా వేసుకొని, జుట్టు నీలాగే భుజాల దాకా కత్తిరించుకొని వెళ్ళాను. నిన్ను ఇంటర్వ్యూ చేసినతను ఉద్యోగం మారిపోయాడు, నీ మొహం ఎరిగినవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు. మన అమ్మల ముక్కు ఇద్దరికీ వచ్చింది కాబట్టి అద్దంలో నాకే అనుమానం వచ్చింది. కార్డు మీద నా మొహం, కింద నీ పేరు. ఫోటో బాగా వచ్చింది.

నువ్వు చెప్పిన తండ్రి చావూ రాజ్యమూ పంపితే శివశంకర్ గారు "ఇట్లాంటివి వంద చూసినం, ఇంకేమన్న ఉందా?" అన్నారు. అందుకని నువ్వు వద్దన్నా సొంతంగా ఒకటి ఆలోచించాను. విని చెప్పు.

రూపజిత్‌కి తొమ్మిదేళ్ళు. ఇంటికి తల్లి లేని పిల్లవాడొకడు వస్తాడు, పెద్దయ్యాక హీరో అయ్యేది వాడే. రూపజిత్ తల్లి వాణ్ణి తన పక్కలో వేసుకుంటుంది. వాడికి జ్వరం వస్తే మధ్యాహ్నమంతా పాదాలు నిమురుతూ కూర్చుంటుంది. ఒకరోజు ఆ పిల్లవాడు పెరట్లోకి వెళ్ళిన అదను చూసి రూపజిత్ వాడి చొక్కా తొడుక్కొని, వాడి పక్కలో దూరి, తల మీదుగా దుప్పటి కప్పుకొని వాడిలాగే మూలుగుతాడు. తల్లి వచ్చి "నా బంగారం" అంటూ పాదాలు నిమురుతుంది. అది వాడి మొదటి వేషం. కానీ వాడి ఎడమకాలి చివరి రెండు వేళ్ళు పుట్టుకతోనే అతుక్కొని ఉంటాయి. తల్లి చెయ్యి అక్కడికి రాగానే ఆగిపోతుంది. దుప్పటి లాగి, చెంప మీద ఒక్కటిచ్చి, చెయ్యి కొంగుకు తుడుచుకొని, "వాడేడి?" అని అడిగి వెళ్ళిపోతుంది.

అంతే. పెద్దయ్యాక వాడు ఏ రూపమైనా ఎత్తుతాడు, ఆ రెండు వేళ్ళు మాత్రం మారవు. వాడికి రాజ్యం అక్కర్లేదు. హీరో మొహం కూడా అక్కర్లేదు. ఆ మొహం మీద పడే చూపు కావాలి.

ఎలా ఉందో నిజం చెప్పు. అమ్మ నా గురించి అడిగిందా లేదా నువ్వు రాయనేలేదు.

కిరణక్క


వికారాబాద్,
11 జులై 2025

అక్కా,

నవ్వీ నవ్వీ కణతలు నొప్పి పుట్టాయి. డాక్టరుకు చెప్పకు.

నిజం చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను, ఏమీ అనుకోకు. కాళ్ళు నిమరలేదని రాక్షసుడయ్యాడా? వీడు విలన్ ఎలా అవుతాడు? పెళ్ళి బంతిలో కూర్చొని పక్కవాడి ఆకులో గారె పెద్దదని కుమిలిపోయే రకం. ఆ తల్లి తప్పేముంది? తల్లి లేని పిల్లను దగ్గరకు తీయడం తప్పా? వీడికి తల్లి ఉంది, ఇల్లుంది, ఇంకేం కావాలి? చూసేవాళ్ళు ఆ చెంపదెబ్బకు చప్పట్లు కొడతారు.

ఆ అతుక్కున్న వేళ్ళు కూడా కొట్టెయ్. ఒళ్ళంతా మార్చుకోగలిగినవాడికి రెండు వేళ్ళు మార్చుకోవడం రాదా? చూడ్డానికి అసహ్యంగా కూడా ఉంటుంది. పాత్రలు బాగా రాస్తానని నేను ఎప్పుడో పేరు సంపాదించుకున్నాను, దాన్ని పాడుచెయ్యకు తల్లీ.

పక్కింటి స్వామి కారులో నిన్న మళ్ళీ స్కాన్ తీయించుకొచ్చాం. ఫిల్ములు నీకు కొరియర్ చేశాం. గచ్చిబౌలి డాక్టరుకు చూపించి ఏమన్నాడో రాయి. నాకైతే నొప్పి పూర్తిగా పోయినట్టే ఉంది. మొన్న వాకిట్లో కాసేపు నడిచాను, పెద్దమ్మ చూసి ఊరంతా వినిపించేలా అరిచింది. ఆగస్టుకల్లా వచ్చేస్తాననుకుంటున్నాను.

రసజ్ఞ


రాయదుర్గం,
24 జులై 2025

రసజ్ఞకు,

వేళ్ళు కొట్టెయ్యలేదు.

పోయిన బుధవారం అందరినీ ఆఫీసుకు పిలిచి పెట్టిన మీటింగులో ఆ పేజీలు చదివాను. బొమ్మలు వేసే రాజరాజేశ్వరి కళ్ళు తుడుచుకొంది. ఆమె గీసిన ఆ ఎడమపాదం ఇప్పుడు గోడంత బొమ్మ అయి మా అంతస్తు గుమ్మం పక్కనే ఉంది. రోజూ దాని ముందు నుంచే నడిచి వెళ్తాను. శివశంకర్ గారు "రసజ్ఞా, నీలో గింత విషం యాడ దాచినవ్?" అని మెచ్చుకున్నారు. నిన్నే మెచ్చుకున్నారు, పేరు నీదే కదా. ప్రొబేషన్ ఎత్తేశారు. ఇకనుంచి రోజూ ఆఫీసుకు రమ్మన్నారు, వస్తున్నాను. ఇప్పుడు నీ పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలుకుతున్నాను.

నీ ఫిల్ములు చూసి డాక్టరు మొహం ముడిచాడు. ఇంకో రెండు నెలలు కదలకూడదన్నాడు. కిటికీలు మూసి చీకట్లో పడుకోవాలి, కాగితం కూడా ముట్టకూడదు, నడక అసలే వద్దు. నొప్పి పోయినట్టు అనిపించడమే ప్రమాదమట. అమ్మకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఈసారి మాత్రం పెట్టెయ్యకుండా చివరిదాకా వింది, రెండుసార్లు చెప్పించుకుంది.

మూడోసారి అడుగుతున్నాను. నా గురించి ఏమైనా అందా?

కిరణ్మయి


వికారాబాద్,
2 సెప్టెంబర్ 2025

అక్కా,

పెద్దమ్మకు తెలియకుండా కిటికీ ఓరగా తెరిచి రాస్తున్నాను. నలభై రోజులు చీకట్లో పడుకున్నాక మనిషికి పగలో రాత్రో కూడా తెలియదు. నేను ఏడుస్తుంటే పెద్దమ్మ కాళ్ళ దగ్గర కూర్చొని పాత సంగతులు చెప్పి నవ్వించాలని చూస్తుంది. మొన్న ఇలా చెప్పింది: "నీకు జరమొచ్చినప్పుడు గా కిరణ్ ఏం జేసిందో ఎర్కనా? నీ గౌను తొడుక్కొని, దుప్పటి కప్పుకొని నీ తావుల పండుకున్నది. నేను నువ్వే అనుకొని కాళ్లు ఒత్తిన. ఆ అతుకుల ఏళ్లు తగలంగనె ఎర్కైంది. చెంప మీద ఒక్కటిచ్చిన." చెప్పి పడీ పడీ నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. నేను రాసినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గారె, చప్పట్లు, అసహ్యం. ఆరేళ్ళు ఒకే ఇంట్లో పెరిగాం, నీ కాలివేళ్ళు అతుక్కొని ఉంటాయని నాకు పెద్దమ్మ చెప్పాల్సి వచ్చింది. క్షమించు అక్కా. నీ మీద ఎంత జాలేసిందో చెప్పలేను.

కానీ అది చాలా చిన్న సంగతి, ఇరవయ్యేళ్ళయింది. ఒక్క మాట నాకు చెప్పి ఉంటే సరిపోయేది. ఇంత మనసులో పెట్టుకుంటే నీకే మంచిది కాదు. నేను వచ్చాక శివశంకర్ గారితో మాట్లాడి నిన్ను నా కింద అసిస్టెంటుగా పెట్టిస్తాను. నీకూ ఒక దారి ఏర్పడుతుంది.

ఇంకొకటి. ప్రతిసారీ అడుగుతున్నావు, నేను తప్పించుకుంటున్నాను. పెద్దమ్మ నీ గురించి అడగలేదక్కా. నువ్వు బాధపడతావని రాయలేదు.

డాక్టరు ఏమన్నా సరే, నా తల బాగుంది. ఎనిమిదో తేదీ సోమవారం వస్తున్నాను. లాప్‌టాప్ అదీ సర్ది ఉంచు.

రసూ


మియాపూర్,
11 సెప్టెంబర్ 2025

కిరణ్మయికి,

ఫోన్ చేస్తే ఎత్తవు. మనిద్దరం ఉండే కొండాపూర్ ఫ్లాట్‌కి తాళం మార్చావు. అందుకని మళ్ళీ ఉత్తరమే.

సోమవారం మీ ఆఫీసు గుమ్మం దగ్గర, కాదు, నా ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి నా పేరు చెప్పాను. సెక్యూరిటీ అతను పుస్తకం చూసి "రసజ్ఞ మేడం లోపలనే ఉన్నరు కదమ్మా, పొద్దుగాల్నే వచ్చిండ్రు. మీరెవరు?" అన్నాడు. నేనెవరో చెప్పడానికి నా దగ్గర ఏముంది? నా ఫోన్ నీ దగ్గర, నా ఆధార్ నీ దగ్గర. అద్దాల అవతల నువ్వు కాఫీ కప్పు పట్టుకొని నా కుర్తాలో, నా నడకతో వెళ్ళావు. నన్ను చూశావు. ఆగి మరీ చూశావు. నేను చెయ్యి ఊపాను. అప్పటికీ నువ్వు బయటికి వస్తావనే అనుకున్నాను, నా అంత పిచ్చిది ఉండదు.

అక్కడి నుంచి డాక్టరు దగ్గరకు వెళ్ళాను. "జులై పదహారునే అంతా బాగుందని మీ అక్కగారికి చెప్పాను కదమ్మా, హాయిగా పనికి వెళ్ళమన్నాను కదా" అన్నాడు. నలభై ఐదు రోజులు నన్ను చీకట్లో పడుకోబెట్టావు. నాకు కళ్ళు పోతాయేమోనని పెద్దమ్మ ఉపవాసాలుంది.

ఫిర్యాదు చేయలేనని నీకు తెలుసు. నా పేరుతో నిన్ను కూర్చోబెట్టింది నేనే, బయటపడితే ముందు పోయేది నేనే, ఈ ఊళ్ళో ఇంకే స్టూడియో నన్ను రానివ్వదు. అన్నీ ఆలోచించే చేశావు. హాస్టల్లో నాతో ఉండే జాస్మిన్ గుర్తుందా, ఆమె ఇంట్లో తలదాచుకున్నాను. పెద్దమ్మకు మాత్రం ఉద్యోగంలో చేరిపోయానని చెప్పాను.

వారం గడువిస్తున్నాను. నా కార్డు, లాప్‌టాప్, ఫోన్ అన్నీ ఇక్కడికి పంపి, జబ్బు పేరు చెప్పి ఆ కుర్చీలోంచి లే. పంపకపోతే వెళ్ళి పెద్దమ్మకు అంతా చెబుతాను. నీ మొహం జన్మలో చూడదు.

ఆ రోజు ఒక్క చెంపదెబ్బతో వదిలేసి తప్పు చేసింది.

రసజ్ఞ (అసలుది)


రాయదుర్గం,
20 సెప్టెంబర్ 2025

రసూ,

నీ గడువు మొన్నటితో అయిపోయింది. ఏమీ పంపలేదు. పంపను కూడా.

మొన్న గురువారం మధ్యాహ్నం కింది నుంచి ఫోన్ వచ్చింది, "రసజ్ఞ గారి కోసం వాళ్ళ పెద్దమ్మగారట వచ్చారు" అని. నువ్వు కొత్తగా పనిలో చేరావు, సరిగ్గా తింటున్నావో లేదోనని స్వామి కారు కట్టించుకొని వికారాబాద్ నుంచి వచ్చింది. నేను ఈ ఊళ్ళో తొమ్మిదేళ్ళుగా ఉన్నాను. ఒక్కసారీ రాలేదు.

రాలేనని చెప్పి పంపించెయ్యొచ్చు. దిగి వెళ్ళాను. లిఫ్టులో నీ నడక ఇంకోసారి సరిచూసుకున్నాను.

సోఫా అంచున కూర్చొని ఉంది, ఒళ్ళో తువ్వాలు చుట్టిన స్టీలు డబ్బా. నా వైపు తిరిగి కళ్ళు చికిలించింది. నేను నా గొంతును నీ గొంతు చేసుకొని "పెద్దమ్మా" అన్నాను. కన్నతల్లిని.

అమ్మ మొహం ఎలా అయిందో నీకు చెప్పినా అర్థం కాదు. నీకు అది రోజూ దొరికేది. నేను ఆ మొహాన్ని ఎప్పుడూ పక్క నుంచే చూశాను, నీ వైపు తిరిగి ఉండగా. ఎదురుగా చూడడం ఇదే మొదలు.

"వచ్చినవా బిడ్డా. చిక్కిపోయినవ్. జర ఇటు కూసో. తల నొస్తలేదు గద?"

"లేదు పెద్దమ్మా."

"దినమంత కూసునుడే నాయె, కాళ్లు వాస్తుండొచ్చు. చెప్పులిడిసి ఇటు పెట్టు."

పెట్టకూడదని నాకు తెలుసు. ముప్ఫై పేజీలు రాసినదాన్ని, నాకు తెలియకపోవడమేమిటి? తెలిసే చెప్పులు విప్పాను. ముందు కుడికాలు ఇచ్చాను. అంతమంది వచ్చీపోయే చోట అమ్మ నా పాదం ఒళ్ళో పెట్టుకొని నిమిరింది. నీ చిన్నప్పటి ముచ్చట్లు చెప్పింది, నీకు జుట్టు ఊడుతోందని దిగులుపడింది, నీ పెళ్ళి సంగతి ఎత్తింది. అన్నిటికీ ఊఁ కొట్టాను. పది నిమిషాలుంటాయేమో. నిజం రాస్తున్నాను, ఆ పది నిమిషాల కోసం నీ ఉద్యోగమే కాదు, నీ రెండు కళ్ళు పోయినా నాకు బాధ లేదనిపించింది.

తర్వాత ఎడమకాలు తనే అందుకుంది.

చెయ్యి ఆగిపోయింది. కొడుతుందనుకున్నాను. కొట్టాలని చెంప ఇటు తిప్పి కూడా కూర్చున్నాను. కొట్టలేదు. నా కాలు ఒళ్ళోంచి దింపి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"రసజ్ఞ యాడున్నది?"

"మియాపూర్‌లో. జాస్మిన్ ఇంట్లో" అన్నాను, నా గొంతుతో. చిరునామా కూడా కాగితం మీద రాసిచ్చాను.

ఇంకేమీ అడగలేదు. డబ్బా చంకలో పెట్టుకొని, స్వామిని పిలిచి, అతని భుజం పట్టుకొని మెట్లు దిగిపోయింది. నేను ఇంకా చెప్పులు వేసుకోలేదు.

కాబట్టి ఇక నన్ను బెదిరించడానికి నీ దగ్గర ఏమీ లేదు. అమ్మకు తెలిసిపోయింది. వెళ్ళి అంతా చెప్పుకో, ఒళ్ళో తల పెట్టుకొని ఏడువు, నిన్ను ఓదారుస్తుంది. ఆమె నీకే ఉంది, ఎప్పుడూ నీకే ఉంది. ఈ పేరూ ఈ కుర్చీ నాకుండనీ. ఇక్కడ కనీసం తప్పు పేరుతోనైనా పిలుస్తారు. రెండో భాగంలో రూపజిత్‌ను చంపెయ్యమని శివశంకర్ గారు అడిగారు. చంపనన్నాను.

ఈ ఉత్తరం అందేసరికి అమ్మ నీ దగ్గరే ఉంటుంది. ఒక్క సంగతి అడుగుతాను, మిగతా వాటికి జవాబు రాయకపోయినా ఫరవాలేదు. నా కాలు అమ్మ ఒళ్ళో ఉన్నంతసేపూ ఆ డబ్బా వేడిగా నా మోకాలికి తగులుతూనే ఉంది. మూత తియ్యలేదు గానీ, వాసన సర్వపిండిదే అనిపించింది. నీకు అది పడదు కదా, మరి ఎవరి కోసం తెచ్చినట్టు? ఆఫీసులో చాలా రకాల వాసనలుంటాయి, నేనే పొరబడి ఉంటాను. డబ్బాలో ఏముందో రాయి.

కిరణ్మయి